మేక్ ఇన్‌స్టాల్‌తో వేసిన కర్ల్‌ను సర్వర్ నుంచి పూర్తిగా తీసేయడం: ఒక కేస్ స్టడీ

సైట్ తెరుచుకుంటోంది, లాగిన్ అవుతోంది, పేమెంట్ పేజీ వస్తోంది, కట్టినవాళ్ళ ఖాతాలో డబ్బు కూడా కట్ అవుతోంది. తిరిగి సైట్‌కి వచ్చేసరికి మాత్రం "పెండింగ్" అని చూపిస్తోంది. ఫీజులు ఆన్‌లైన్‌లో కట్టించుకునే ఒక చిన్న సంస్థ సర్వర్ ఇది. ఉబుంటు 22.04, వెబ్ సర్వర్‌గా ఎంజిన్‌ఎక్స్, సైట్ కోడ్ పీహెచ్‌పీ 8.1. డబ్బు పోయి రసీదు రాకపోతే కట్టినవాళ్ళకి ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు, సంస్థ ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు. నన్ను పిలిచేసరికి వాళ్ళ డెవలపర్ అప్పటికే చాలా ప్రయత్నాలు చేసి ఉన్నాడు.

"అన్నా, కోడ్ అసలు ముట్టుకోలేదు. నిన్న రాత్రి వరకు బాగానే ఉంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే. లాగ్‌లో ఉన్నది ఒక్కటే లైను: హెచ్‌టీటీపీఎస్ ప్రోటోకాల్‌ని లిబ్‌కర్ల్ (ఇంటర్నెట్‌లో వేరే సర్వర్లతో మాట్లాడే కర్ల్ ప్రోగ్రామ్ వాడే లైబ్రరీ) సపోర్ట్ చేయడం లేదని, ఎర్రర్ నంబర్ 1. డబ్బు నిజంగా అందిందా అని పేమెంట్ గేట్‌వే సర్వర్‌ని అడిగే పని పీహెచ్‌పీలో కర్ల్ ద్వారా జరుగుతుంది, ఆ కర్ల్‌కి ఉన్నట్టుండి హెచ్‌టీటీపీఎస్ అంటే ఏమిటో తెలియకుండా పోయింది. ఉబుంటు ఇచ్చే లిబ్‌కర్ల్ అలా ఎప్పటికీ అనదు. కాబట్టి నడుస్తున్నది ఉబుంటు ఇచ్చినది కాదు.

ఇలాంటప్పుడు నేను మొదట చూసేది కర్ల్ వెర్షన్. /యూఎస్ఆర్/బిన్‌లో ఉన్న కర్ల్‌ని పూర్తి పాత్ ఇచ్చి వెర్షన్ అడిగితే మొదటి లైనులో రెండు నంబర్లు వస్తాయి, ఒకటి ప్రోగ్రామ్‌ది, రెండోది అది లోడ్ చేసుకున్న లైబ్రరీది. మామూలుగా రెండూ ఒకటే ఉంటాయి. ఇక్కడ ప్రోగ్రామ్ 7.81.0, లైబ్రరీ 7.88.1. కింద ప్రోటోకాల్స్ లిస్ట్‌లో హెచ్‌టీటీపీఎస్ లేదు. దానికి పైన, లైబ్రరీలో వెర్షన్ సమాచారం లేదంటూ ఒక హెచ్చరిక కూడా వచ్చింది. డెబియన్, ఉబుంటు వాళ్ళు తమ లిబ్‌కర్ల్‌లోని సింబల్స్‌కి (ఫంక్షన్ల పేర్లకి) వెర్షన్ ముద్ర వేసి కంపైల్ చేస్తారు, మనం మామూలుగా కంపైల్ చేస్తే ఆ ముద్ర ఉండదు. అందుకే ఈ హెచ్చరిక కనిపిస్తే చేత్తో కంపైల్ చేసిన లైబ్రరీ మధ్యలో దూరిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. పీహెచ్‌పీ వైపు ఇదే సంగతి కావాలంటే కర్ల్ ఎక్స్‌టెన్షన్ ఫైలు మీద ఎల్‌డీడీ అనే కమాండ్ నడిపితే చాలు, లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4 ఎక్కడి నుంచి వస్తోందో చెబుతుంది. /యూఎస్ఆర్/లోకల్/లిబ్ నుంచి వస్తోంది.

అంతకు కొన్ని వారాల ముందు ఇంకో డెవలపర్, ఇప్పుడు వేరే ప్రాజెక్టులో ఉన్నాడు, అదే సర్వర్‌లో లోపల నడిచే ఒక ఏపీఐని పరీక్షించాల్సి వచ్చింది. డాక్యుమెంట్‌లో ఉదాహరణలన్నీ కర్ల్‌లోని జేసన్ ఆప్షన్‌తో రాసి ఉన్నాయి. ఆ ఆప్షన్ 7.82.0లో వచ్చింది, 2022 మార్చిలో. ఉబుంటు 22.04లో ఉన్నది 7.81.0. ఒక్క మెట్టు తేడా. సరే కొత్తది కంపైల్ చేద్దామని 7.88.1 సోర్స్ దించాడు. 7.77.0 నుంచి కర్ల్ కాన్ఫిగర్ స్క్రిప్ట్, ఏ టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన ఎన్‌క్రిప్షన్) లైబ్రరీ వాడాలో నువ్వే చెప్పాలి, వద్దంటే వద్దని కూడా నువ్వే చెప్పాలి అని ఆగిపోతుంది. మంచి మార్పే అది, అంతకు ముందు ఆ లైబ్రరీ హెడర్ ఫైళ్ళు దొరక్కపోతే ఏమీ అనకుండా టీఎల్‌ఎస్ లేకుండానే కంపైల్ అయిపోయేది. ఆ సర్వర్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేదు, పరీక్షించాల్సింది ఎలాగూ లోకల్‌హోస్ట్‌లో నడిచే మామూలు హెచ్‌టీటీపీ, అందుకని వితవుట్ ఎస్‌ఎస్‌ఎల్ ఆప్షన్ ఇచ్చాడు. మేక్‌తో కంపైల్, సుడో మేక్ ఇన్‌స్టాల్‌తో ఫైళ్ళు /యూఎస్ఆర్/లోకల్‌లోకి, చివరికి సుడో ఎల్‌డీకాన్ఫిగ్ (ఏ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే క్యాష్‌ని కొత్తగా రాసే కమాండ్). పరీక్ష అయిపోయింది, సోర్స్ డైరెక్టరీ /టీఎంపీలో ఉండేది కాబట్టి మధ్యలో సర్వర్ రీబూట్ అయినప్పుడే అదీ పోయింది.

అతని కొత్త కర్ల్ పాత కర్ల్ ప్రోగ్రామ్‌ని తాకలేదు, ఒకటి /యూఎస్ఆర్/లోకల్/బిన్, ఇంకొకటి /యూఎస్ఆర్/బిన్. ఇబ్బంది లైబ్రరీతో. రెండు లైబ్రరీల పేరూ లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4 కిందే నమోదు అవుతుంది. ఉబుంటులో లైబ్రరీలు వెతకాల్సిన డైరెక్టరీల జాబితా ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ అనే చోట చిన్న చిన్న ఫైళ్ళుగా ఉంటుంది, వాటిని అక్షర క్రమంలో చదువుతారు, /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌ను చెప్పే లిబ్‌సీ.కాన్ఫ్ ముందు వస్తుంది, సిస్టమ్ లైబ్రరీలున్న డైరెక్టరీని చెప్పేది ఎక్స్ అక్షరంతో మొదలై తర్వాత వస్తుంది. కాబట్టి ఎల్‌డీకాన్ఫిగ్ నడిచిన క్షణం నుంచి లిబ్‌కర్ల్ అడిగిన ప్రతి కొత్త ప్రాసెస్‌కీ లోకల్‌ది దొరుకుతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఆ జాబితాలో మొదటి నుంచీ ఉండదు, అక్కడ ఈ గొడవ రావాలంటే ఎవరో ఒకరు చేత్తో దాన్ని చేర్చి ఉండాలి.

మరి ఇన్ని వారాలు ఎందుకు ఏమీ కాలేదు? నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. నడుస్తున్న ప్రాసెస్ తను మొదలైనప్పుడు లోడ్ చేసుకున్న లైబ్రరీతోనే ఉంటుంది, డిస్క్ మీద కొత్త లైబ్రరీ వచ్చినా దానికి పట్టదు. పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం (సైట్ కోసం పీహెచ్‌పీని నడిపే సర్వీస్) మాస్టర్ ప్రాసెస్ కర్ల్ ఎక్స్‌టెన్షన్‌ని ఒకసారి లోడ్ చేసుకుంటుంది, వర్కర్లన్నీ దాన్నుంచే పుడతాయి. రీబూట్ జరిగింది ఎప్పుడంటే కంపైల్ చేసిన తర్వాత, కానీ అతను ఎల్‌డీకాన్ఫిగ్ నడపడానికి ముందు, అంటే క్యాష్ ఇంకా పాతదిగా ఉన్నప్పుడే. ఇన్‌స్టాల్ చేసిన ఫైళ్ళు అలాగే ఉన్నాయి, మర్నాడు కొత్త కర్ల్ సింబల్ ఎర్రర్ ఇస్తోందని ఎల్‌డీకాన్ఫిగ్ నడిపాడు, అప్పటికి ఎఫ్‌పీఎం లేచి కూర్చుని ఉంది. గిట్ ఉబుంటులో వేరే లిబ్‌కర్ల్‌ని వాడుతుంది, గ్నూటీఎల్‌ఎస్‌తో కట్టినది, దాని పేరే వేరు కాబట్టి డిప్లాయ్‌మెంట్లు మామూలుగా సాగాయి. ఫైళ్ళు దించే వీజెట్ లిబ్‌కర్ల్ వాడదు, ప్యాకేజీలు వేసే ఏపీటీ కూడా వాడదు. క్రాన్‌లో టైము ప్రకారం నడిచే పీహెచ్‌పీ పనులు లోకల్ డేటాబేస్‌తోనే మాట్లాడతాయి. ఇక ఎవరికి తెలుస్తుంది? చివరికి ఒక రోజు ఉదయం ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్ పీహెచ్‌పీ ప్యాకేజీని మార్చి ఎఫ్‌పీఎంని రీస్టార్ట్ చేసింది (ఉబుంటులో ఆ టైమర్ 6 గంటలకి, పైన గంట లోపు ఎప్పుడైనా నడుస్తుంది). ఏపీటీ హిస్టరీ లాగ్‌లోని సమయానికీ, మొదటి పెండింగ్ పేమెంట్‌కీ మధ్య తేడా నిమిషాలే. అతను ఎల్‌డీకాన్ఫిగ్ నడపకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఇదే జరిగేది, ఎందుకంటే ఏ లైబ్రరీ ప్యాకేజీ అప్‌డేట్ అయినా చివర్లో లిబ్‌సీ-బిన్ ట్రిగ్గర్ అని ఒక లైను కనిపిస్తుంది కదా, అది చేసే పని ఎల్‌డీకాన్ఫిగ్ నడపడమే.

నేను రాకముందు జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే తికమక పడతారు. నాతో మాట్లాడిన డెవలపర్ లోకల్ లైబ్రరీ విషయం తనే కనిపెట్టాడు, తెలివైన కుర్రాడు. /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4 అనే లింక్‌ని తీసేసి ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చేశాడు. పేమెంట్లు పని చేశాయి. తర్వాత ఎందుకైనా మంచిదని ఏపీటీతో లిబ్‌కర్ల్‌ని, పీహెచ్‌పీ కర్ల్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాడు, మళ్ళీ మొదటికొచ్చింది. తీసేసింది లింక్‌ని మాత్రమే, అసలు ఫైలు పొడుగు వెర్షన్ నంబర్‌తో పక్కనే ఉంది. ఏపీటీ పని ముగించేటప్పుడు ఎల్‌డీకాన్ఫిగ్ నడిచింది, ఆ ఫైలు చూసి లింక్ లేదని మళ్ళీ తయారు చేసింది, అది దాని డ్యూటీ. ఏపీటీ రీఇన్‌స్టాల్ వల్ల ఉపయోగం లేకపోవడం సరే, తీసేసిన లింక్ తిరిగొచ్చింది దాని వల్లే. /యూఎస్ఆర్/లోకల్‌లో ఏముందో డీపీకేజీకి (ఏపీటీ కింద పని చేసే ప్యాకేజీ మేనేజర్‌కి) తెలియదు, తెలియకూడదు కూడా, ఆ చోటు అడ్మిన్‌దని, ప్యాకేజీలు అక్కడ ఫైళ్ళు పెట్టకూడదని డెబియన్ నియమం.

ముందు మంట ఆర్పాలి. అసలు లైబ్రరీ ఫైలునీ, దాని లింకుల్నీ కలిపి /రూట్ కింద ఒక కొత్త డైరెక్టరీలోకి ఎంవీతో జరిపాను, ఎల్‌డీకాన్ఫిగ్ నడిపాను, ఎఫ్‌పీఎం రీస్టార్ట్. ఇక్కడ ఎంవీ అని నొక్కి చెబుతున్నాను. వాడకంలో ఉన్న లైబ్రరీ ఫైలు మీద సీపీతో ఇంకో ఫైలు రాస్తే, దాన్ని మ్యాప్ చేసుకుని నడుస్తున్న ప్రాసెస్‌లు కూలిపోవచ్చు, అదే ఎంవీ లేదా ఆర్ఎం అయితే పాత ఇనోడ్ (డిస్క్ మీది అసలు ఫైలు) అలాగే ఉంటుంది, ప్రాసెస్ బతికే ఉంటుంది. పేమెంట్లు వెంటనే దారిలో పడ్డాయి. పెండింగ్‌లో చిక్కినవాటిని గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లోని జాబితాతో ఒక్కొక్కటిగా సరిచూసి రసీదులు పంపించమని ఆఫీసువాళ్ళకి చెప్పాను. సాంకేతికంగా అది నా పని కాకపోయినా, డబ్బు కట్టిన మనిషికి రసీదు చేరేదాకా ఆ సమస్య తీరినట్టు కాదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకూడదు, ఎందుకంటే మిగిలినవి లైబ్రరీ కంటే నెమ్మదిగా దెబ్బతీస్తాయి. కర్ల్ హెడర్ ఫైళ్ళు /యూఎస్ఆర్/లోకల్/ఇన్‌క్లూడ్‌లో ఉన్నాయి, జీసీసీ కంపైలర్ ఆ డైరెక్టరీని సిస్టమ్ హెడర్ల కంటే ముందు చూస్తుంది. లైబ్రరీల వివరాలు కంపైలర్‌కి చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ కోసం లోకల్‌లో ఒక .పీసీ ఫైలు ఉంది, దానికీ అక్కడ మొదటి ప్రాధాన్యం. రేపెవరో ఒక పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ కంపైల్ చేస్తే 7.88 హెడర్లతో కట్టి 7.81 లైబ్రరీతో నడుపుతారు, ఆ తేడా ఎక్కడ బయటపడుతుందో చెప్పలేం. మ్యాన్ పేజీలైతే వందల్లో ఉన్నాయి, సెక్షన్ 3 నిండా అవే, మ్యాన్ కర్ల్ అంటే లేని ప్రోగ్రామ్ గురించి చదువుతారు.

పూర్తిగా తీయాలంటే ఏమేం పెట్టారో జాబితా కావాలి. సోర్స్ డైరెక్టరీ ఉండి, కాన్ఫిగర్ చేసిన స్థితిలోనే ఉంటే మేక్‌కి ఎన్ ఆప్షన్ ఇచ్చి అన్‌ఇన్‌స్టాల్ ఏం చేయబోతోందో చదివి, తర్వాత నిజంగా నడిపేవాణ్ణి. అది లేదు. అయినా దారి మూసుకుపోలేదు, కర్ల్ తనతో పాటు కర్ల్-కాన్ఫిగ్ అనే చిన్న స్క్రిప్ట్‌ని ఇన్‌స్టాల్ చేస్తుంది. దానికి కాన్ఫిగర్ అనే ఆప్షన్ ఇస్తే కంపైల్ చేసినప్పుడు ఇచ్చిన ఆప్షన్లన్నీ చెప్పేస్తుంది, వెర్షన్ కూడా చెబుతుంది. ఈ సదుపాయం చాలా ప్రోగ్రాముల్లో ఉంది, జనానికే తెలియదు. ఎంజిన్‌ఎక్స్‌కి పెద్ద వీ ఆప్షన్, పోస్ట్‌గ్రెస్‌కి పీజీ-కాన్ఫిగ్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి బిల్డ్‌కాన్ఫ్, పైథాన్‌కి సిస్‌కాన్ఫిగ్ మాడ్యూల్. తీసేసే ముందు ఈ సమాచారం రాసి పెట్టుకోవాలి, ప్రోగ్రామ్ పోయాక అడిగే దిక్కుండదు.

అదే ఉబుంటు 22.04తో ఒక వర్చువల్ మెషీన్‌లో అదే 7.88.1 సోర్స్, అవే ఆప్షన్లతో కంపైల్ చేసి, డెస్ట్‌డిర్‌కి ఒక ఖాళీ డైరెక్టరీ ఇచ్చి మేక్ ఇన్‌స్టాల్ చేశాను. అలా చేస్తే /యూఎస్ఆర్/లోకల్‌లోకి వెళ్ళాల్సిన ప్రతి ఫైలూ ఆ ఖాళీ డైరెక్టరీ కింద అదే పాత్‌తో పడుతుంది. ఫైండ్‌తో ఫైళ్ళనీ లింకుల్నీ తీసి ముందు భాగం కత్తిరిస్తే అదే మన జాబితా. వెర్షన్ ఒకటే కావడం ముఖ్యం. కొత్త వెర్షన్ దించి దాంతో మేక్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు, దానికి తన ఫైళ్ళ పేర్లే తెలుసు, పాత వెర్షన్‌లో ఉండి తర్వాత పోయిన ఫైళ్ళు అలాగే ఉండిపోతాయి.

రెండో జాబితా సర్వర్ నుంచి తీశాను, /యూఎస్ఆర్/లోకల్‌లో ఆ ఇన్‌స్టాల్ జరిగిన సమయంలో సీటైమ్ (ఫైలు వివరాలు చివరగా మారిన సమయం) మారిన ఫైళ్ళన్నీ. ఎంటైమ్ (ఫైల్లోని విషయం మారిన సమయం) చూడకపోవడానికి కారణం ఉంది, కొన్ని ఇన్‌స్టాలర్లు, సీమేక్ అలాంటిదే, అసలు ఫైలు తేదీని అలాగే ఉంచుతాయి, సీటైమ్ మాత్రం డిస్క్ మీద పడినప్పటిది. రెండు జాబితాల్నీ సార్ట్ చేసి కామ్ అనే కమాండ్‌తో పోల్చాను. ముందే పక్కకి జరిపిన లైబ్రరీ ఫైళ్ళు తప్ప కర్ల్ ఫైళ్ళన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. సర్వర్ జాబితాలో ఒకటి ఎక్కువ ఉంది, అదే గంటలో ఎవరో /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పెట్టిన బ్యాకప్ స్క్రిప్ట్. తేదీని నమ్ముకుని తీసేసి ఉంటే బ్యాకప్ ఆగిపోయేది, అది ఇంకెప్పుడో తెలిసేది. అందుకే రెండు జాబితాలు.

/యూఎస్ఆర్/లోకల్ మొత్తం ఖాళీ చేస్తే పోలా అని అడిగేవాళ్ళుంటారు. వద్దు. ఆ సర్వర్‌లోనే కంపోజర్ అక్కడుంది, సుడో పిప్‌తో వేసిన పైథాన్ ప్యాకేజీలు లోకల్ లిబ్ కింద డిస్ట్-ప్యాకేజెస్‌లో ఉన్నాయి. ఇంకా ప్రమాదమైనది, ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ చేయాల్సిన చోటుగా) /యూఎస్ఆర్ ఇచ్చి ఇన్‌స్టాల్ చేసిన కేసు. అక్కడ మేక్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఉబుంటు ప్యాకేజీ ఫైళ్ళు కూడా అదే పేర్లతో ఉంటే పోతాయి. అలాంటప్పుడు తీసేశాక సంబంధిత ప్యాకేజీల్ని ఏపీటీతో రీఇన్‌స్టాల్ చేసి, డీపీకేజీ వెరిఫై నడిపి చూసుకోవాలి.

ఉమ్మడి జాబితాని టార్‌కి ఇచ్చి ముందు ఒక బ్యాకప్, ఆ తర్వాత అదే జాబితాని ఎక్స్ఆర్గ్స్ ద్వారా ఆర్ఎంకి. డైరెక్టరీలకి ఆర్ఎం ఆర్ఎఫ్ వాడను, ఆర్ఎండిర్ మాత్రమే, ఖాళీగా లేకపోతే అదే ఆగిపోతుంది. కర్ల్ హెడర్ల డైరెక్టరీ పోయింది. మ్యాన్, షేర్, ఇన్‌క్లూడ్ లాంటి పై డైరెక్టరీల్ని ఖాళీ అయినా ఉంచాను, అవి సిస్టమ్‌తో వచ్చినవి.

తర్వాత తనిఖీ. ఎల్‌డీకాన్ఫిగ్, దాని క్యాష్‌లో లిబ్‌కర్ల్ ఒక్క చోటే ఉండాలి. కర్ల్ వెర్షన్‌లో రెండు నంబర్లూ 7.81.0, హెచ్‌టీటీపీఎస్ ఉంది. టైప్ కమాండ్‌కి "-ఏ" ఆప్షన్ ఇస్తే కర్ల్ లోకల్‌లో కనిపించకూడదు. ఇక్కడ డెవలపర్ టెర్మినల్‌లో మాత్రం అలాంటి ఫైలు లేదని ఎర్రర్ వచ్చింది, భయపడ్డాడు. టెర్మినల్‌లో నడిచే బాష్ పాత పాత్‌ని గుర్తు పెట్టుకుంటుంది, హ్యాష్‌కి ఆర్ ఆప్షన్ ఇస్తే మర్చిపోతుంది, అంతే. ఆఖరున /ప్రాక్ కింద ప్రతి ప్రాసెస్ మ్యాప్స్ ఫైల్లో (అది లోడ్ చేసుకున్న ఫైళ్ళ జాబితా) లిబ్‌కర్ల్ కోసం గ్రెప్ చేశాను. ఒక క్యూ వర్కర్ ఇంకా పాత ఫైలునే పట్టుకుని ఉంది. అది పీహెచ్‌పీ కమాండ్ లైన్‌లో ఎడతెగకుండా నడిచే ప్రాసెస్, ఎఫ్‌పీఎం రీస్టార్ట్ దానికి వర్తించదు. దాన్ని కూడా రీస్టార్ట్ చేశాకే పని అయిందని చెప్పాను. ఫైళ్ళు పోయినా ప్రాసెస్‌లో లైబ్రరీ బతికే ఉంటే అన్‌ఇన్‌స్టాల్ అయినట్టు నేను ఒప్పుకోను.

వేరే ప్రోగ్రాములతో ఇదే పని పడితే దారులు కొంచెం మారతాయి. ఆటోమేక్ అనే బిల్డ్ టూల్ వాడే ప్రాజెక్టుల్లో అన్‌ఇన్‌స్టాల్ టార్గెట్ తనంతట తానే వస్తుంది. కాకపోతే లైబ్రరీని తీసేది లిబ్‌టూల్, అది .ఎల్‌ఏ ఫైలు చదివి ఏమేం తీయాలో తెలుసుకుంటుంది, శుభ్రం కోసమని ఎవరైనా ఆ .ఎల్‌ఏని ముందే తీసేసి ఉంటే అసలు లైబ్రరీ మిగిలిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. సీమేక్‌లో ప్రాజెక్టువాళ్ళు రాస్తే తప్ప అన్‌ఇన్‌స్టాల్ టార్గెట్ ఉండదు, కానీ బిల్డ్ డైరెక్టరీలో ఇన్‌స్టాల్ మ్యానిఫెస్ట్ అనే టెక్స్ట్ ఫైల్లో పెట్టిన ఫైళ్ళ జాబితా రాసిపెడుతుంది, ఆ ఒక్క ఫైలు దాచుకున్నా చాలు. మీసన్‌తో కడితే నింజా అన్‌ఇన్‌స్టాల్ పని చేస్తుంది, బిల్డ్ డైరెక్టరీ ఉన్నంత వరకే. పైథాన్ సోర్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ టార్గెటే లేదు, అక్కడ డెస్ట్‌డిర్ పద్ధతే నాకు నమ్మకమైనది.

కర్ల్ కంపైల్ చేసిన ఆ మొదటి డెవలపర్‌కి అసలు కావాల్సింది జేసన్ ఆప్షన్. అది డేటా పంపే ఆప్షన్‌కి, కంటెంట్ టైప్, యాక్సెప్ట్ అనే రెండు హెడర్లకి కలిపి పెట్టిన పొట్టి పేరు, 7.81లో ఆ మూడూ విడివిడిగా రాస్తే అదే పని అవుతుంది. అయినా కొత్త కర్ల్ కావాలన్నారు కాబట్టి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో, షేర్డ్ లైబ్రరీ వద్దని చెప్పి, ప్రిఫిక్స్‌గా /ఓపీటీ కింద వెర్షన్ పేరుతో ఒక డైరెక్టరీ ఇచ్చి కట్టాను. లిబ్‌కర్ల్ ప్రోగ్రామ్ లోపలే కలిసిపోతుంది, సిస్టమ్‌లో ఎవరికీ కనబడదు, తీసేయాలంటే ఆ డైరెక్టరీని తీసేస్తే సరి. ఇలాంటివి చాలా ఉండే సర్వర్లకి స్టో అనే టూల్ బాగుంటుంది, ప్రతి ప్రోగ్రామ్‌నీ విడి డైరెక్టరీలో ఉంచి /యూఎస్ఆర్/లోకల్‌లోకి లింకులు మాత్రమే వేస్తుంది, డిలీట్ ఆప్షన్‌తో లింకులు తీసేస్తుంది. అయితే లైబ్రరీలున్న ప్రోగ్రామ్‌ని స్టోతో వేసినా ఈ కేసులో వచ్చిన గొడవే వస్తుంది, లింక్ అయినా ఫైలైనా లింకర్‌కి ఒకటే. చెక్‌ఇన్‌స్టాల్‌తో .డెబ్ ప్యాకేజీ చేసుకుంటే ఏపీటీతో తీసేయొచ్చు, దానికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇప్పుడు ఆ సర్వర్‌లో వారానికోసారి ఒక చిన్న స్క్రిప్ట్ నడుస్తుంది. /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో నేరుగా ఉన్న .ఎస్‌ఓ ఫైళ్ళని చూసి, అదే పేరుతో సిస్టమ్‌లో ఇంకో లైబ్రరీ ఉంటే మెయిల్ పంపుతుంది. దానితో పాటు ఎఫ్‌పీఎం ద్వారా గేట్‌వేకి ఒక హెచ్‌టీటీపీఎస్ రిక్వెస్ట్ కొన్ని నిమిషాలకోసారి పంపి చూసే చెక్ పెట్టాం, కమాండ్ లైన్ నుంచి పంపే చెక్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు లైబ్రరీలతో నడుస్తూ ఉండొచ్చు.